చేదబావిలో ఎర్రనీళ్లు

మొన్న మంగళవారం కరీంనగర్‌లోని మా ఇంటికి నీళ్ల ఫిల్టరు బాగుచేసే అతను వచ్చాడు. గోడకు తగిలించిన డబ్బా విప్పి, లోపలి నుంచి జానెడు పొడవున్న నల్లటి గొట్టం బయటికి తీసి, సింకు అంచున రెండు దెబ్బలు వేసి, "బొగ్గు అయిపోయింది మేడం, మార్చాలె" అన్నాడు. బొగ్గు ఎక్కడికీ పోలేదని, ఎండబెట్టి తూచి చూస్తే పెట్టిననాటి కన్నా బరువు ఎక్కువే ఉంటుందని చెప్పాను. అయిపోయింది బొగ్గు కాదు, దాని మీద చోటు. అతను నన్నూ గొట్టాన్నీ మార్చి మార్చి చూసి, "ఏదైతేంది మేడం, మార్చుడైతే మార్చాలె గద" అన్నాడు. అదీ నిజమే. నేను కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైనదాన్ని. లెక్క తప్పినా మాట తప్పినా సరిచేయకుండా ఉండలేను, ఇంట్లో అందరికీ ఇది విసుగే. అతను వెళ్లిపోయాక ఆ గొట్టాన్ని చెత్తబుట్టలో వేయబుద్ధి కాక కాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. చోటు అయిపోవడం అంటే ఏమిటో నేను పుస్తకంలో నేర్చుకోలేదు. మా వాడకట్టు బావి దగ్గర నేర్చుకున్నాను.

మాది కరీంనగర్ నుంచి బస్సులో గంటన్నర దూరంలో ఉన్న నేత ఊరు. పొద్దున లేస్తే మరమగ్గాల చప్పుడు, పడుకుంటే మరమగ్గాల చప్పుడు. కరెంటు పోయినప్పుడే ఒకరి మాట ఒకరికి సరిగ్గా వినిపించేది. మేము నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలిచేవాళ్లం. బాపు కూడా మొదట మగ్గమే నడిపాడు. దూదిపొడి పడక దగ్గు పట్టుకుంది, రక్తం కూడా పడింది. మగ్గాల షెడ్డులో అడుగుపెట్టవద్దని డాక్టరు చెప్పాక, ఇంటి వెనుక రేకులు వేసి నూలు అద్దే పని పెట్టుకున్నాడు. లంగాల గుడ్డకు కావలసిన ఎర్రనూలు. మేము లేచేసరికి గంగాళం కింద పొయ్యి మండుతూ ఉండేది. కాగిన నీళ్లలో రంగు పొడి కలిపి, నూలు చిలపలను, అంటే చుట్టలను, వెదురు కర్రలకు వేలాడదీసి ముంచి, అన్ని వైపులా రంగు అందేలా తిప్పుతూ ఉండేవాడు. నడుమ నడుమ దోసిళ్లతో రాళ్ల ఉప్పు వేసేవాడు. ఉప్పెందుకని చిన్నప్పుడు అడిగితే, ఉప్పేస్తే రంగు నూలును గట్టిగా పట్టుకుంటుందన్నాడు. తడినూలు వాసన, సోడా ఘాటు, పొయ్యి పొగ, మూడూ కలిసి మా ఇంటి వాసనయ్యాయి. మా బట్టల్లో, దిండ్లలో, నా కాలేజీ పుస్తకాల్లో కూడా అదే వాసన. కరీంనగర్ హాస్టల్లో పెట్టె తెరిస్తే నా పక్క మంచం అమ్మాయి ముక్కు మూసుకునేది.

బాపు చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉండేవి. ఎంత కడిగినా అరచేతి గీతల్లో, గోళ్ల అంచుల్లో రంగు మిగిలేది. తినబోయే ముందు అవ్వ చింతపండు పిప్పి తెచ్చి రుద్దేది. రుద్దుతూ, ఈ మనిషి ఎక్కడ తప్పిపోయినా భయం లేదు, పోయిన తోవంతా వేలిముద్రలు వేసుకుంటూ పోతాడు, వెతుక్కుంటూ పోతే దొరుకుతాడు అనేది. బాపు చిన్నగా నవ్వేవాడు. గట్టిగా నవ్వితే దగ్గు వచ్చేది. చెంబు మీద, తలుపు గొళ్లెం మీద, నా డిగ్రీ ఫీజు కట్టిన రసీదు మీద కూడా ఆ ముద్రలు ఉండేవి.

నూలు పట్టుకోగా మిగిలిన నీళ్లను షెడ్డు వెనుక గుంతలో పోసేవాడు. ఆ కాలంలో అందరూ చేసిన పనే అది. నేల తాగేస్తుందని బాపు నమ్మాడు, మేమూ నమ్మాం. గుంతకు కాస్త దూరంలో వాడకట్టు చేదబావి. తాగడానికీ వండడానికీ అందరికీ అదొక్కటే దిక్కు. నేను డిగ్రీ చివరి ఏడాదిలో ఉండగా వానలు గట్టిగా పడ్డాయి. సెలవులకు ఇంట్లో ఉన్నాను. ఎదురింటి రాజవ్వ అత్త నీళ్లు చేదుతూ చేదుతూ ఆగి, అవ్వను పిలిచింది. రాజవ్వ అత్త మాకు చుట్టం కాదు, కానీ బాపును తమ్ముడనేది, కాబట్టి మాకు అత్తే. ఆమె బొక్కెనలోని నీళ్లు, దిష్టి తీసిన ఎర్రనీళ్లు కొంచెం పలచబడితే ఎలా ఉంటాయో అలా ఉన్నాయి.

"ఏందే గిది? మీ ఆయన మా కడుపులల్ల గూడ లంగాల నూలు అద్దుతడా?" అంది.

అవ్వ నవ్వబోయి మానుకుంది. ఆ సాయంత్రమే వాడకట్టు పెద్దమనుషులు మా అరుగు మీద కూర్చున్నారు. ఎవరూ గొంతు పెంచలేదు. బాపు దగ్గు సంగతి వాళ్లకు తెలుసు, మగ్గం మీదికి తిరిగి పోలేడనీ తెలుసు. అందుకే గడువు ఇచ్చారు. దసరా దాకా చూద్దాం, అప్పటికి నీళ్లు తెల్లబడితే సరే, లేకపోతే అద్దకం మానాలి అన్నారు. అప్పటిదాకా నీళ్లు పక్క వాడ నుంచి మోసుకుంటామన్నారు. బాపు ఆ పూటే పొయ్యి ఆర్పి గంగాళం బోర్లించాడు. లేచి వెళ్తున్న పెద్దమనుషులతో, గడప దగ్గర నిలబడ్డ నన్ను చూపించి, "మా సరోజ గదే సదువుతుంది. నీళ్లు, మందులు, రంగులు, అన్ని దానికి ఎర్కే. అది జేస్తది" అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. ఆ చూపుల్లో అనుమానం ఉంటే నాకు సులువుగా ఉండేది. నమ్మకం ఉంది.

బాపు చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. ఆ ఏడాదే మాకు ప్రాక్టికల్స్‌లో బొగ్గు ప్రయోగం ఉంది. కొన్ని సీసాల్లో ఒకే తూకం బొగ్గుపొడి వేసి, ఒక్కో సీసాలో ఒక్కో గాఢతతో ఆమ్లం పోసి, కుదిపి, వడగట్టి, ఎంత ఆమ్లం మిగిలిందో కొలవాలి. మిగలనిదంతా బొగ్గు మీదికి చేరినట్టు. తెలుగు పుస్తకంలో దానికి అధిశోషణం అని పేరు. నా గ్రాఫు క్లాసులో అందరికన్నా నున్నగా వచ్చింది, కానీ నాకు ఏమీ అర్థం కాలేదు. పీల్చుకోవడానికీ దీనికీ తేడా ఏమిటని సార్‌ను అడిగాను. ఆయన పొడుగాటి మనిషి, సుద్దముక్క చెవి మీద పెట్టుకుని మరిచిపోయేవాడు. పెండ్లి భోజనాల బంతి చూసినవా అని అడిగాడు. నీళ్లు గుడ్డలోకి ఇంకినట్టు ఇల్లంతా నిండిపోవడం కాదు, విస్తళ్ల ముందు కూర్చోవడం. బొగ్గు లోపలంతా సన్నని సందులు, సందుల గోడలన్నిటా విస్తళ్లు. విస్తరి ఖాళీగా ఉంటేనే వచ్చినవాడు కూర్చుంటాడు. బంతి నిండితే మిగిలినవాళ్లు నిలబడాలి. కూర్చున్నవాళ్లు కూడా ఎల్లకాలం కూర్చోరు, లేచేవాళ్లు లేస్తుంటారు, వచ్చేవాళ్లు వస్తుంటారు. రెండూ సమానమైనప్పుడు నీ గ్రాఫు ఇక పైకి లేవదు అన్నాడు. ఆ మాటల్లో చోటు సంగతి నాకు పట్టింది. లేచేవాళ్ల సంగతి చెవిన పడింది, అంతే.

బాపు ఆదిలాబాద్ అడవుల దిక్కు నుంచి వచ్చే కట్టెబొగ్గు బస్తాలు తెప్పించాడు. అవ్వ, నేను రోట్లో వేసి దంచాం. ఇల్లంతా నల్లబడింది, వారం రోజులు పచ్చడి కూడా నల్లగా వచ్చింది. బొగ్గుపొడిని మళ్లీ మూతపెట్టి ఎర్రగా కాల్చి, కడిగి, అడుగున చిల్లులున్న కుండలో గుడ్డ పరిచి, ఇసుక పోసి, బొగ్గు పోసి, మళ్లీ ఇసుక పోశాను. కుండను ముక్కాలి పీట మీద నిలిపి బావి గచ్చు మీద పెట్టాను. వాడకట్టంతా గుమిగూడింది. మొదటి బొక్కెన నేనే పోశాను. కింద గిన్నెలోకి దిగిన నీళ్లు తెల్లగా ఉన్నాయి. గిన్నె అడుగు కనిపించింది. ఎవరూ ముందుకు రాకపోతే రాజవ్వ అత్త దోసిలి పట్టి తాగింది. చప్పరించి, "ఉప్పగైతె ఉన్నయి గని ఎర్రగ లేవు" అంది. ఆ ఉప్పు మాట అక్కడ ఎవరూ పట్టించుకోలేదు, నేనూ పట్టించుకోలేదు. బాపు గచ్చు మీద కూర్చుండిపోయాడు. ఆయన ముఖం చూసి అవ్వ ముఖం పక్కకు తిప్పుకుంది.

కానీ పది పన్నెండు బొక్కెనలు దాటేసరికి నీళ్లలో మళ్లీ గులాబీ ఛాయ దిగింది. బంతి నిండింది. బొగ్గు మార్చాను, మళ్లీ తెల్లబడ్డాయి, మళ్లీ నిండింది. ఇలా ఇంటింటికీ ఒక కుండ పెట్టి, బొగ్గు ఎప్పుడు మార్చాలో చెప్పి, నేను కాలేజీకి వెళ్లిపోయాను. ఆ తర్వాత జరిగింది నాకు అవ్వ చెప్పింది. రాజవ్వ అత్త కూతురు అప్పుడు బాలింత. మా దిక్కు బాలింతకు చన్నీళ్లు ఇవ్వరు, మరగబెట్టినవే తాగిస్తారు. మరగబెట్టి మళ్లీ వడగట్టడం ఇంకా మంచిదనుకుని రాజవ్వ అత్త బావినీళ్లను పొయ్యి మీద కాచి, పొగలు కక్కుతుండగానే కుండలో పోసింది. కింద దిగినవి బావినీళ్ల కన్నా ఎర్రగా, నెత్తురులా దిగాయి. బాలింత ఇంట్లో ఆ రంగు చూసి రాజవ్వ అత్త వాళ్ల అత్తగారు, ముసలమ్మ, కేకలు పెట్టింది. కుండ వాకిట్లోకి వచ్చి పగిలింది. ఆ సాయంత్రానికి వాడకట్టులో ఒక్క కుండ కూడా మిగల్లేదు.

శనివారం నేను ఇంటికి వచ్చేసరికి బావి చుట్టూ తడి బొగ్గు కుప్పలున్నాయి. వేడికి ఏమవుతుందో నాకు అప్పుడు తెలిసింది. చన్నీళ్లలో కదలకుండా కూర్చున్న రంగు వేడినీళ్లు తగలగానే లేచి వచ్చేసింది. అన్ని బొక్కెనల్లో పట్టుకున్నదంతా ఒక్క చెంబులోకి వదిలేసింది. రాజవ్వ అత్తకు చెప్పబోయాను. ఆమె వినలేదు, వినాల్సిన అవసరం కూడా ఆమెకు లేదు. ఆమె చేసిందాంట్లో తప్పేముంది? బొగ్గు ఒకసారి పట్టుకుంటే పట్టుకున్నట్టే అని వాళ్లంతా అనుకున్నారు. రంగు నీళ్లలో లేదంటే ఇక ఎక్కడా లేదని. నిజానికి రంగు ఎక్కడికీ పోలేదు, చోటు మారింది.

లెక్క కూడా వేశాను. బావి లోతు, చుట్టుకొలత, ఎన్ని బొక్కెనలు, ఎన్ని బొక్కెనలకు ఎంత బొగ్గు. బావిని ఒక్కసారి తెల్లబరచడానికే లారీడు బొగ్గు కావాలి. లెక్క సరిగ్గా ఉంది, దాంతో చేయగలిగింది ఏమీ లేదు. సార్‌ను అడిగితే ఆయన, బావిని పూర్తిగా తోడించి పూడిక తీయించండి అన్నాడు. బాపు ఇంజను కిరాయికి తెచ్చి రెండు రోజులు నీళ్లు తోడించాడు. వాడకట్టు మగవాళ్లంతా తాడు కట్టుకుని దిగి, అడుగు బురద తట్టలతో పైకి పంపారు. కొత్త ఊటలు పడ్డాయి. నీళ్లు తెల్లగా, చల్లగా. బాపు ఆ నీళ్లతోనే స్నానం చేసి, గంగాళం తోమి ఎండలో పెట్టాడు. రాజవ్వ అత్త మా ఇంటికి వచ్చి, ఏమీ జరగనట్టు ఉల్లిగడ్డలు అడుక్కుని పోయింది. దసరాకు ఇంకా వారం ఉంది. వీధిలో ఆడవాళ్లు బతుకమ్మ పాటలు ఎత్తుకున్నారు. ఆ నాలుగు రోజులు మా ఇంట్లో ఎవరూ బావి మాట ఎత్తలేదు, ఎత్తితే ఏమవుతుందోనని.

ఐదో రోజు మధ్యాహ్నం వాన పట్టింది. సాయంత్రం దాకా కురిసి వెలిసింది. బాపు, నేను కలిసి బావి దగ్గరికి వెళ్లాం. ఆయనే చేది బొక్కెన గచ్చు మీద పెట్టాడు. నీళ్లు మొదటికన్నా ఎర్రగా ఉన్నాయి.

గచ్చు మీద కూర్చుని అటు గుంత ఉన్న దిక్కు చూస్తుంటే నాకు ఒక్కొక్కటిగా తెలిసివచ్చింది. ఆ రంగు బావిలో ఎన్నడూ లేదు. మట్టిలో ఉంది. నల్లబంకకూ ఎర్రమట్టికీ, ఒక్కొక్క రేణువుకూ అంటుకుని ఉంది. గంగాళంలో బాపు వేసిన ఉప్పు కూడా రంగు వెంటే గుంతలోకి పోయింది. నూలును పట్టుకోమన్నట్టే మట్టినీ పట్టుకోమంది. ఇన్నేళ్లూ అందుకే బావికి రంగు చేరలేదు. వాననీళ్లలో ఉప్పుండదు. గట్టి వాన పడితే మట్టిలోని ఉప్పు కొట్టుకుపోతుంది, అప్పుడు రంగు లేచి నీళ్లలోకి వస్తుంది. ఎన్నిసార్లు తోడినా బావి చుట్టూ ఉన్న నేల మళ్లీ ఇస్తుంది. సార్ చెప్పిన లేచేవాళ్ల సంగతి అప్పుడు పట్టింది నాకు. ఎర్రనీళ్ల ముందు కూర్చుని, పరీక్షలో రాసుంటే మంచి మార్కులు వచ్చేంత బాగా అర్థమైంది.

బాపుకు చెప్పాను. నూలు భాషలోనే చెప్పాను, ఆయనకు వెంటనే తెలిసింది.

"అంటె మన్నును గూడ నేనే అద్దిన్నన్నట్టు" అన్నాడు.

బొక్కెనలోకి వంగి చూసి, మళ్లీ ఆయనే అడిగాడు.

"మరి ఎన్నేండ్లకు ఇడుస్తది బిడ్డా?"

నీళ్లకు లెక్క వేయగలిగాను, బొగ్గుకు వేయగలిగాను. మట్టి ఎంత దూరం దాకా పట్టుకుందో, ఎంత లోతుకు పట్టుకుందో, ఒక్కో వానకు ఎంత వదులుతుందో తెలియకుండా ఆ లెక్క ఎలా వేయను? తెలియదు బాపూ అన్నాను. ఆయన తల ఊపి, బొక్కెన తీసుకుని ఆ నీళ్లను బావికి దూరంగా, రోడ్డు మీద పారబోశాడు.

దసరాకు రెండు రోజుల ముందే, ఎవరూ అడగకముందే షెడ్డు రేకులు విప్పించాడు. రాజవ్వ అత్త వచ్చి, నీళ్ల కోసమే గానీ తమ్ముని మీద పగ లేదని అవ్వ దగ్గర కంటతడి పెట్టుకుంది. బాపు ఆమెకు మంచం వాల్చి కూర్చోబెట్టాడు. ఆ తర్వాత ఆయన మూతికి తువ్వాల కట్టుకుని, ఆడవాళ్లు చేసే నూలు కండెలు చుట్టే పనికి కూర్చున్నాడు. మగవాళ్లు ఎవరూ చేయని పని అది. మగ్గాల షెడ్డు గోడ పక్కనే, దూదిపొడి అంతా అక్కడే. దగ్గు తిరగబెట్టింది. అరచేతుల్లో ఎరుపు మాత్రం మెల్లగా పోయింది. ఒకరోజు భోజనానికి కూర్చున్నప్పుడు అవ్వ అలవాటుగా చింతపండు పిప్పి తెచ్చి, ఆయన చేతులు చూసి, పిప్పి పట్టుకుని వెనక్కి వెళ్లిపోయింది.

నాకు ఆదిలాబాద్‌లో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. అక్కడ సగం మంది పిల్లలు ఇంట్లో మరాఠీ మాట్లాడేవాళ్లు. జిన్నింగు మిల్లుల కాలం వస్తే రోడ్ల పక్క చెట్లన్నీ పత్తి పోగులతో తెల్లబడేవి. ప్రతి ఏడాదీ బొగ్గు ప్రయోగం నేనే చేయించాను. మా ల్యాబులో రంగును కొలిచే యంత్రం ఒకటి ఉండేది, ఎంత రంగుంటే సూది అంత కదిలేది. దసరాకు ఇంటికి వెళ్లినప్పుడల్లా ఒక సీసాలో బావినీళ్లు నింపుకుని బస్సెక్కేదాన్ని. కంటికి తెలియనంత పలచబడ్డాక కూడా సూది కదిలేది. మళ్లీ ఇంటికి వెళ్లగానే బాపు మంచినీళ్లు అందిస్తూ, "ఇడిసిందా?" అని అడిగేవాడు. ఇంకా ఉందనేదాన్ని. ఎన్నేళ్లు గడిచినా ఆయన నన్ను వేరే ఏమీ అడగలేదు, నా జీతం గురించీ, పెళ్లి గురించీ కూడా అంత శ్రద్ధగా అడగలేదు. నేను కొంచెం తగ్గిందని చెప్పి ఆయనను సంతోషపెట్టే ప్రయత్నం చేస్తే, "ఉన్నదా లేదా?" అనేవాడు.

ఇప్పుడు మా ఊళ్లో ఇంటింటికీ నల్లా ఉంది, నీళ్ల డబ్బాలు అమ్మే ఆటోలు తిరుగుతాయి. నీళ్లలో ఏముందో చూసే కళ్లు ఎవరికీ అక్కర్లేదు, ఫిల్టరు మార్చే తేదీ ఫోనుకు మెసేజీగా వస్తుంది. ఆ రోజుల్లో నీళ్లు పాడైతే వాడకట్టంతా ఒక్కచోట కూర్చుని పాడు చేసినవాడి ముఖం చూసి మాట్లాడింది. ఇప్పుడు ఎవరి నీళ్లు వాళ్లవి. ఇది మేలా కీడా అని నేను తేల్చలేను. అప్పటి పద్ధతిలో మా బాపు బతుకు పోయింది. ఇప్పటి పద్ధతిలో అయితే ఆయన గుంత సంగతి ఎవరికీ తెలిసేది కాదు, ఆయన ఇంకా కొన్నేళ్లు ఎక్కువ బతికేవాడేమో. రెండు వైపులా తూచి చూస్తాను, ముల్లు ఎటూ నిలవదు.

బాపు ఒక ఎండాకాలం పోయాడు. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. దసరాకు వెళ్లినప్పుడు ఎందుకో తెలియకుండానే సీసా నింపుకున్నాను. ఆదిలాబాద్ వచ్చి యంత్రంలో పెట్టాను. సూది కదలలేదు. నీళ్లు పోసిన గాజుగొట్టం మార్చి పెట్టాను, శుద్ధజలంతో పోల్చి చూశాను, మళ్లీ పెట్టాను. కదలలేదు. బాపు బావి గచ్చు మీద అడిగిన లెక్కకు జవాబు వచ్చింది, ఎన్నేళ్లో సరిగ్గా చెప్పగలను.

తర్వాత ఇంటికి వెళ్లినప్పుడు ఆ మాట ఎవరికైనా చెప్పాలనిపించింది. అవ్వకు బావి పేరెత్తితే ఇష్టం ఉండదు. రాజవ్వ అత్త గడపలో చద్దరు కప్పుకుని కూర్చుని ఉంది. ఆమెకు అప్పటికే మతిమరుపు, చెవులు కూడా సరిగ్గా వినిపించవు. పక్కన కూర్చుని చెవిలో గట్టిగా చెప్పాను.

"అత్తా, బావిల రంగు పోయింది. మొత్తం ఇడిసింది."

ఆమె కాసేపు బావి దిక్కు చూసింది. తర్వాత నా భుజం మీద తట్టి లేపింది.

"మరి గీడ కూసున్నవేంది పోరీ? పో, మీ బాపుకు జెప్పు. పాపం, పొద్దుగాల్నుంచి అడుగుతుండు."